ముస్సోరీ సవాయ్ హోటల్: దెయ్యం, నవల, అకాడమీ... ఇందులో నిజమెంత?

గత వేసవిలో మీరు ముస్సోరీ వెళ్ళారు. లైబ్రరీ బజారు పైన ఉన్న సవాయ్ హోటల్‌ను చూపిస్తూ గైడు మూడు సంగతులు చెప్పాడు. లోపల ఒక దొరసాని దెయ్యం తిరుగుతుందన్నాడు. అక్కడ జరిగిన హత్యనే అగాథా క్రిస్టీ నవలగా రాసిందన్నాడు. ఐఏఎస్ అకాడమీని మొదట పెట్టింది ఆ హోటల్లోనే అన్నాడు. ఇందులో నిజమెంత అని మీ ప్రశ్న.

ముక్తసరిగా చెప్పాలంటే: చావు నిజం, దెయ్యం మీ ఇష్టం. నవల సంగతి అనుమానమే. అకాడమీ మాట మాత్రం తప్పు, అది వేరే హోటల్. అయితే గైడు చెప్పని నాలుగో సంగతి ఒకటి ఉంది. ఆ భవనం చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. ఈ జవాబు ఇంత పొడుగు కావడానికి కారణం కూడా అదే.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం డెహ్రాడూన్‌లో గడిచింది. హరిద్వార్‌కో, బదరీనాథ్‌కో బయలుదేరి మా ఇంట్లో దిగిన ప్రతి బంధువునూ ఒక రోజు ముస్సోరీ ఎక్కించి దించడం నాకు జీతం లేని రెండో ఉద్యోగం. ఒకసారి మా పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులతోనే లైబ్రరీ దగ్గర నుంచి ఆ ఏటవాలు దారి ఎక్కింది. ఆయాసం తీర్చుకుని, సవాయ్‌ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, "ఇంత కొండమీద ఇంత కొంప ఎవరి కోసం కట్టాడురా?" అంది. అంతకు ముందు నేను ఆ భవనం గురించి చాలానే చదివాను గానీ, ఆ ప్రశ్న మాత్రం వేసుకోలేదు.

ఎవరి కోసమో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1815లో గూర్ఖాలను ఓడించి ఈస్టిండియా కంపెనీ డూన్ లోయను చేజిక్కించుకుంది. 1820లలో కెప్టెన్ యంగ్, షోర్ అనే ఇద్దరు అధికారులు వేటకు వచ్చినప్పుడు తల దాచుకోవడానికి కొండమీద ఒక చిన్న గుడిసె కట్టించారు. చుట్టూ విరివిగా పెరిగే మన్సూర్ అనే పొద పేరే ఊరి పేరయింది. పక్కనున్న లాండౌర్‌లో జబ్బుపడిన తెల్ల సిపాయిల కోసం 1827లో ఆరోగ్య శిబిరం పెట్టారు. 1830లలో సర్వేయర్ జనరల్ జార్జ్ ఎవరెస్ట్ ఇక్కడే హాథీపావ్ దగ్గర పార్క్ ఎస్టేట్ కొని, సర్వే పనిని అక్కడి నుంచి నడిపించాడు. (మా శాఖవాడు కనుక ఒక ముక్క అదనంగా చెబుతాను, ఓపిక పట్టండి. ఈ ఎవరెస్ట్ దొర మహా సర్వేలో తొలి పాఠాలు నేర్చుకున్నది మన దగ్గరే. ఆ సర్వేను మొదలుపెట్టిన లాంబ్టన్ కింద పనిచేయడానికి హైదరాబాద్ చేరి, కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ 1819లో చలిజ్వరంతో చావు తప్పించుకున్నాడు.)

ముస్సోరీకి ఒక ప్రత్యేకత ఉండేది. ఎండాకాలంలో వైస్రాయి సిమ్లా వెళ్ళేవాడు. ఆనాటి సంయుక్త రాష్ట్రాల (ఇప్పటి ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్) ప్రభుత్వం నైనీతాల్ ఎక్కేది. ముస్సోరీకి మాత్రం ఏ ప్రభుత్వమూ వచ్చేది కాదు. పై అధికారి కళ్ళబడతామన్న భయం లేదు కనుక ఇక్కడికి వచ్చేవాళ్ళు కాస్త విచ్చలవిడిగానే ఉండేవారు. వ్యాపారులు, వకీళ్ళు, సెలవు మీద వచ్చిన సైనికులు, భర్తలను మైదానాల ఎండలో వదిలి వచ్చిన దొరసానులు, వాళ్ళ వెనుకే సంస్థానాధీశులు. కపుర్తలా మహారాజు ఫ్రెంచి కోటను తలపించే భవనం ఒకటి కట్టించుకున్నాడు. అది సవాయ్‌కి ఇరుగిల్లే. ఇలాంటి ఊళ్ళో ప్రభుత్వ కచేరీ కన్నా హోటలే పెద్దదిగా ఉండటంలో వింత లేదు.

అయినా 1900 దాకా అంత పెద్ద హోటల్ నడపడం కష్టమే. కారణం ప్రయాణం. సహారన్‌పూర్‌లో రైలు దిగి, బండి కట్టించుకుని, శివాలిక్ కొండలు దాటి డెహ్రాడూన్ చేరాలి. అక్కడి నుంచి కొండ అడుగున ఉన్న రాజ్‌పూర్‌కు పోవాలి. ఆపైన ఝరీపానీ మీదుగా గుర్రం మీదో, కాలినడకనో, కూలీలు భుజాన మోసే డాండీలోనో దాదాపు రెండు వేల మీటర్ల ఎత్తుకు ఎక్కాలి. సంసారం మొత్తాన్ని వెంటబెట్టుకుని వచ్చి ఆరు నెలలు ఉండేవాడికి ఈ తిప్పలు సరే. అలాంటివాడు ఎక్కువగా బంగళానే అద్దెకు తీసుకుంటాడు. పది రోజుల సెలవు మీద వచ్చేవాడికే హోటల్ కావాలి, పది రోజుల కోసం ఆ దారిన వచ్చేవాళ్ళు తక్కువ.

1900లో హరిద్వార్ నుంచి డెహ్రాడూన్‌కు రైలు మార్గం తెరిచారు. 1902లో సవాయ్ తెరుచుకుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే మా పెద్దమ్మ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. కట్టించినవాడు సెసిల్ డి. లింకన్, లక్నోలో న్యాయవాది. అక్కడ అంతకు ముందు మడాక్ అనే మతాధికారి పేరుతో నడిచిన పాఠశాల ఉండేది. ఆ స్థలాన్ని కొని హోటల్ లేపాడు. రైలు పట్టాలు పడుతున్నప్పుడే అతను లెక్క వేసుకుని ఉంటాడని నా ఊహ. లక్నోలో రైలెక్కినవాడు ఇక డెహ్రాడూన్‌లో దిగవచ్చని అతనికి తెలియకుండా ఉండదు.

రైలు డెహ్రాడూన్ దాకా వచ్చింది గానీ కొండ ఎక్కలేదు. మోటారు రోడ్డు పైదాకా రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. కనుక హోటల్‌కు కావలసిన పియానోలు, బిలియర్డ్స్ బల్లలు, ఓక్ చెక్క సామాను, మద్యం పీపాలు అన్నీ ఎడ్లబండ్ల మీద, మనుషుల భుజాల మీద ఎక్కించినవే. బిలియర్డ్స్ బల్ల అడుగున ఉండేది పలకరాయి. కొండదారి మలుపుల్లో ఆ బరువుకు భుజం పట్టినవాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. లింకన్ పేరు మాత్రం నాకూ మీకూ తెలుసు.

భవనం ఇంగ్లిష్ గోథిక్ పోకడలో ఉంటుంది: సన్నగా లేచి పైన కోసుగా ముగిసే కిటికీలు, పొడవాటి వసారాలు, ఏటవాలు కప్పులు. అందం కోసం కట్టినట్టు కనిపించినా కొన్నిటి వెనుక అవసరం ఉంది. ముస్సోరీలో వాన మన కోస్తాలో కురిసే దానికి రెట్టింపు. చలికాలంలో మంచు పడుతుంది. చదును మిద్దె అక్కడ రెండేళ్ళు నిలవదు. అందుకే ఊరంతా ముడతల ఇనుపరేకుల వాలు కప్పులే. సవాయ్ కూడా ఆ నియమానికి లోబడినదే, కాకపోతే కాస్త దర్జాగా.

కరెంటు 1909లో వచ్చింది. కొండ కింద గలోగీ దగ్గర కట్టిన జలవిద్యుత్ కేంద్రం దేశంలోని తొలి కేంద్రాల్లో ఒకటి. అప్పటిదాకా నాట్యశాలలో కొవ్వొత్తుల గుత్తులే వెలిగేవి. హోటల్ గురించి చెప్పే కబుర్లలో ఒకటి మాత్రం నాకు బాగా నచ్చుతుంది. తెల్లవారుజామున ఇక్కడ ఒక గంట కొట్టేవారట. భక్తులు లేచి ప్రార్థన చేసుకోవడానికి, భక్తి లేనివాళ్ళు ఎవరి గదికి వాళ్ళు చేరుకోవడానికి! ఒక అమెరికన్ యాత్రికుడు ఈ ముచ్చటను పుస్తకానికి ఎక్కించాక అది ఊరి సొత్తయింది. పై అధికారి లేని ఊరని ఇందాక ఎందుకు చెప్పానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇక దొరసాని సంగతి. 1911లో ఫ్రాన్సిస్ గార్నెట్ ఓర్మ్ అనే నలభై తొమ్మిదేళ్ళ మహిళ సవాయ్‌లో చనిపోయింది. ఆమెకు ఆత్మలతో మాట్లాడటం, స్ఫటిక గోళంలోకి చూసి జోస్యం చెప్పడం లాంటి వాటి మీద గట్టి నమ్మకం. వెంట వచ్చిన స్నేహితురాలు ఈవా మౌంట్‌స్టీఫెన్‌దీ అదే దారి. చావు జరిగిన నాటికి స్నేహితురాలు లక్నో వెళ్ళిపోయింది. గది లోపలి నుంచి గడియ వేసి ఉంది. చావుకు కారణం ప్రస్సిక్ ఆమ్లం, అంటే సైనైడ్ కుటుంబానికి చెందిన విషం. ఆమె వాడే సోడా పొడిలో దాన్ని ముందే కలిపి వెళ్ళిందన్నది స్నేహితురాలి మీద అభియోగం. అలహాబాద్‌లో విచారణ జరిగింది, నేరం రుజువు కాక విడుదల చేశారు. విషం ఎవరు కలిపారో తేలనే లేదు. తేలని చావు ఉన్న చోట దెయ్యం పుట్టడానికి ఎంతో కాలం పట్టదు. ఆ కేసులో సందేహం మిగిలిపోవడానికి మూలం దూరమే: చనిపోయిన మనిషి కొండమీద, అనుమానితురాలు మైదానంలో, రెండింటికీ మధ్య ఒక రాత్రి రైలు ప్రయాణం. హోటల్‌ను కట్టించిన రైలే ఇక్కడా సాక్షి.

అగాథా క్రిస్టీ ముస్సోరీలో కూర్చుని ఏమీ రాయలేదు. ఆమె తొలి నవల 1916లో రాసింది, 1920లో అచ్చయింది. అందులోనూ ఒక ఇంట్లో విషంతో చావు, ఆ సమయానికి హంతకుడు దగ్గర లేకపోవడం ఉన్నాయి. పోలిక అంతవరకే. నవలలో విషం స్ట్రిక్నిన్, అది పనిచేసే తీరు కూడా వేరు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆమె ఇంగ్లండ్‌లోని టార్కీ ఊరి ఆసుపత్రిలో మందులు కలిపి ఇచ్చే పని చేసింది. చుట్టూ విషాల సీసాల మధ్య కూర్చున్నప్పుడే అపరాధ కథ రాయాలన్న ఆలోచన వచ్చిందని తానే చెప్పుకుంది. ముస్సోరీ కేసు వార్త ఆమె కంట పడలేదని నేను అనను. కానీ "అదే ఇది" అని బోర్డు కట్టడం హోటల్ వ్యాపారానికి పనికొస్తుంది గానీ చరిత్రకు పనికిరాదు.

ఇప్పుడు నాలుగో సంగతి. ఇది కబురు కాదు. నెహ్రూ తన ఆత్మకథలో వివరంగా రాసుకున్నది.

1919లో అఫ్ఘానిస్తాన్‌కూ బ్రిటిష్ ఇండియాకూ కొద్ది నెలల యుద్ధం జరిగింది. ఆగస్టులో రావల్పిండిలో సంధి కుదిరినా తేలవలసినవి చాలా మిగిలాయి. వాటి కోసం 1920 ఏప్రిల్ నుంచి జూలై దాకా ముస్సోరీలో చర్చలు జరిగాయి. బ్రిటిష్ పక్షాన హెన్రీ డాబ్స్, అఫ్ఘాన్ పక్షాన విదేశాంగ మంత్రి మహమూద్ తర్జీ. అఫ్ఘాన్ బృందం బస సవాయ్‌లో. సరిగ్గా ఆ రోజుల్లోనే ముప్పై ఏళ్ళ జవహర్‌లాల్ నెహ్రూ జబ్బుగా ఉన్న తల్లినీ, భార్య కమలనూ, రెండున్నరేళ్ళ ఇందిరనూ తీసుకుని అదే హోటల్లో దిగాడు. తండ్రి మోతీలాల్ ఒక పెద్ద దావాలో తలమునకలుగా ఉన్నాడు.

నెల గడిచింది. అఫ్ఘాన్లు ఎవరినీ కలిసేవారు కాదు, వాళ్ళలో ఒక్కరితో కూడా నెహ్రూకు ముఖపరిచయం లేదు. ఒక సాయంత్రం పోలీసు సూపరింటెండెంట్ ప్రభుత్వం నుంచి ఉత్తరం పట్టుకుని వచ్చాడు. అఫ్ఘాన్ ప్రతినిధులతో ఎలాంటి సంబంధమూ పెట్టుకోనని హామీ రాసివ్వాలట. అది ఖిలాఫత్ ఉద్యమం సాగుతున్న కాలం. సర్కారుకు ప్రతి నీడా కుట్రలాగే కనిపించేది. కలవాలన్న ఉద్దేశం నెహ్రూకు బొత్తిగా లేదు. కానీ అడిగారు కనుక హామీ ఇవ్వనన్నాడు. ఇరవై నాలుగు గంటల్లో జిల్లా వదిలిపొమ్మని ఉత్తర్వు వచ్చింది. తల్లినీ భార్యనూ హోటల్లోనే వదిలి కొండ దిగి అలహాబాద్ చేరాడు.

ముస్సోరీలో ఉండి ఉంటే ఆ జూన్‌లో అలహాబాద్‌లో జరిగినది నెహ్రూ చూసి ఉండేవాడు కాదు. ప్రతాప్‌గఢ్ జిల్లా లోపలి పల్లెల నుంచి రెండు వందల మంది రైతులు, ఫిజీలో కూలీగా పనిచేసి వచ్చిన బాబా రామచంద్ర వెంట, యాభై మైళ్ళు నడిచి వచ్చి యమున ఒడ్డున కూర్చున్నారు. తాలూక్‌దార్లు (అక్కడి జమీందార్లు) పిండే సెస్సులు, పొలాల నుంచి వెళ్ళగొట్టడాలు చెప్పుకుని, మా ఊళ్ళకు వచ్చి చూడండి అని వెంటపడ్డారు. నెహ్రూ వెళ్ళాడు. అప్పటిదాకా రైతు బతుకు ఎలా ఉంటుందో తనకు తెలియదని, ఆ ప్రయాణమే కళ్ళు తెరిపించిందని, ముస్సోరీ నుంచి వెళ్ళగొట్టడం వల్లే ఇదంతా జరిగిందని తానే రాశాడు. హోటల్లో చేరిన ఇద్దరు అతిథుల మధ్య సర్కారు గీయబోయిన ఒక గీత, హారో, కేంబ్రిడ్జిలలో చదివిన బారిస్టరును అవధ్ పల్లెల్లోకి తోసింది.

కథ అక్కడితో ఆగలేదు. తల్లి జబ్బు ముదిరిందని తెలిసి, ఉత్తర్వును ధిక్కరించైనా సరే వెళ్ళాలని తండ్రీకొడుకులు నిశ్చయించుకున్నారు. ఈలోగా మోతీలాల్ లెఫ్టినెంట్ గవర్నరు హార్కోర్ట్ బట్లర్‌కు ఉత్తరం రాసి ఉన్నాడు. సరిగ్గా బయలుదేరే వేళకు ఉత్తర్వు రద్దయిందని తంతి వచ్చింది. మర్నాడు నెహ్రూ సవాయ్ చేరేసరికి ముంగిట్లో మొదట కనబడిన దృశ్యం: ఒక అఫ్ఘాన్ పెద్దమనిషి చేతుల్లో తన చిట్టి కూతురు! ఆయన ఆ బృందంలోని మంత్రి అని తర్వాత తెలిసింది. బహిష్కరణ వార్త పత్రికల్లో చదివిన అఫ్ఘాన్ బృందం పెద్ద, ఆ రోజు నుంచి నెహ్రూ తల్లికి ప్రతి దినమూ పళ్ళు, పూల బుట్ట పంపుతూ వచ్చాడట. కలవకుండా ఆపాలని సర్కారు వేసిన ఎత్తు కలపడంతో ముగిసింది.

ఇంత కథ ఉన్న ముంగిట్లో నిలబడి గైడు దెయ్యం గురించి చెబుతాడు. అతని తప్పేమీ లేదు, వినేవాళ్ళు అడిగేది అదే.

అకాడమీ పొరపాటు ఎలా వచ్చిందో సులభంగా ఊహించవచ్చు. అది కూడా హోటలే, కానీ సవాయ్ కాదు. హ్యాపీ వ్యాలీలోని షార్లవిల్ హోటల్. సవాయ్ కంటే దాదాపు నలభై ఏళ్ళు పెద్దది. ఐఏఎస్ శిక్షణకు ఢిల్లీలో మెట్కాఫ్ హౌస్‌లో ఒకటి, సిమ్లాలో ఇంకొకటి ఉండగా, రెండింటినీ కలిపి జాతీయ అకాడమీ పెడతామని 1958లో హోంమంత్రి గోవింద్ వల్లభ్ పంత్ లోక్‌సభలో ప్రకటించాడు. షార్లవిల్‌ను ప్రభుత్వం తీసుకుంది, 1959 సెప్టెంబరులో అకాడమీ మొదలైంది. అదే ఏడాది ఏప్రిల్‌లో టిబెట్ నుంచి వచ్చిన దలైలామాకు కూడా మొదట ఆశ్రయమిచ్చింది ఈ హ్యాపీ వ్యాలీయే. లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టింది 1970లలో. మన వాళ్ళలో బి.ఎన్. యుగంధర్ గారు 1988 నుంచి 1993 దాకా దానికి డైరెక్టరుగా పనిచేశారు. 1984 అగ్నిప్రమాదంలో పాత గ్రంథాలయం, ఆఫీసర్ల క్లబ్బు కాలిపోయాయి. 1991 ఉత్తరకాశీ భూకంపం ఇంకొంత దెబ్బ తీసింది. అందుకే ఇప్పుడు అక్కడ పాత హోటల్ ఛాయలు తక్కువ, కొత్త కట్టడాలు ఎక్కువ.

ప్రభుత్వం చేతిలో పడిన షార్లవిల్ పేరు పోగొట్టుకుని పని నిలుపుకుంది. సవాయ్ పేరు నిలుపుకుని చాలా కాలం పని లేక పడి ఉంది. 1947 తర్వాత సీజన్ గడపడానికి వచ్చే దొరలు లేరు, 1971లో రాజభరణాలు రద్దయ్యాక రాజుల రాకడా పలచబడింది. ఢిల్లీ నుంచి శనివారం కారులో వచ్చి ఆదివారం దిగిపోయే వాళ్ళకు నాట్యశాల అక్కర్లేదు. నేను డెహ్రాడూన్ వెళ్ళిన కొత్తలో వసారా చెక్కలు కాలు పెడితే మూలిగేవి, పూలకుండీల్లో గడ్డి మొలిచి ఉండేది. నిజం చెప్పాలంటే దెయ్యం పేరు గట్టిగా వినిపించింది కూడా ఆ పాడుబడ్డ రోజుల్లోనే. ఈ శతాబ్దంలో చేతులు మారి, పెద్ద ఎత్తున మరమ్మతులు జరిగి, ఐటీసీ సంస్థ నిర్వహణలో మళ్ళీ తెరుచుకుంది. లోపల చాలా భాగం కొత్తదే. బయటి రూపురేఖలను మాత్రం చెడగొట్టలేదు, ఆ మేరకు నాకు తృప్తి.

మళ్ళీ వెళ్ళే ఆలోచన ఉంటే గది తీసుకోనవసరం లేదు. టీ తాగే నెపంతో లోపలికి వెళ్ళవచ్చు, కాకపోతే ఆ టీ ధరకు మాల్ రోడ్డులో ఇద్దరు భోజనం చేయవచ్చు. హోటల్ ఆవరణలో సవాయ్ పేరుతోనే తపాలా కార్యాలయం ఉండేది, దాని గురించి తప్పక అడగండి. మధ్యాహ్నం మూడు దాటాక వెళితే మంచు తెరలు లేచి భవనం సగం కనబడదు, కనుక ఉదయమే బయలుదేరండి. అకాడమీలోకి మాత్రం అనుమతి లేనిదే పోనివ్వరు. మీ బంధువుల్లో శిక్షణలో ఉన్న ప్రొబేషనర్ ఎవరైనా ఉంటే ముందుగా వాళ్ళకు ఫోను చేసి వెళ్ళండి.